ఎన్ని చేలు చూస్తే నమ్మొచ్చు?

(ఏలూరులో జరిగిన రైతు శిక్షణా తరగతిలో సంఘం పంటల పరిశీలన బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ముందు మా తప్పు చెప్పుకుని మొదలుపెడతాం.

కిందటి దాళ్వాలో కొల్లేటి పక్క ఊళ్లో రెండు చేలు తీసుకుని వరిలో దోమ మీద వేపనూనె పరీక్ష చేశాం. ఒక చేలో వేపనూనె కొట్టించాం. రెండో చేలో ఏమీ కొట్టించలేదు. వారం ఆగి దిగి చూస్తే, నూనె కొట్టిన చేలో దోమ పల్చగా ఉంది. కొట్టని చేలో దుబ్బు తడితే చాలు, నీళ్ల మీద పొట్టు రాలినట్టు రాలింది. ఇంకేం కావాలి అనుకున్నాం. సార్వా వచ్చాక ఊరూరా చెప్పాం, ఖరీదైన మందులు వద్దు, వేపనూనె చాలని. మా మాట విని ఆగిన కొన్ని చేలల్లో కార్తీకం నాటికి పైరు సుడులు సుడులుగా ఎండిపోయింది. వాళ్లలో ఎక్కువ మంది కౌలు రైతులు. "మీరు చెప్పారనే ఊరుకున్నామండీ" అన్నారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. దానికి మా దగ్గర జవాబు లేకపోయింది.

తర్వాత ఆ మొదటి రెండు చేల రైతుల్నీ కూర్చోబెట్టి అడిగాం. వేపనూనె కొట్టిన చేలో ప్రతి రెండు మీటర్లకూ 20 సెంటీమీటర్ల కాలిబాట తీసి ఉంది. యూరియా తగ్గించి వేశారు. రెండో చేను ఒత్తుగా ఊడ్చింది, కాలిబాటల్లేవు, యూరియా ఒక దఫా ఎక్కువ పడింది. మరి దోమ తగ్గింది వేపనూనె వల్లా, కాలిబాటల వల్లా, యూరియా తగ్గించినందువల్లా? రెండే చేలు పెట్టుకుంటే ఆ సంగతి దేవుడికి కూడా తెలియదు. మేము మాత్రం తెలిసినట్టే చెప్పాం.

ఆ రోజు నుంచీ మమ్మల్ని పట్టుకున్న ప్రశ్న ఒకటే. పురుగు మీద ఒక పరీక్ష చేస్తే ఎన్ని చేలు పెట్టాలి, ఒక్కో చేలో ఎన్ని దుబ్బులు చూడాలి? ఇది శాస్త్రవేత్తల తలనొప్పి, మనకెందుకులే అనుకుంటాం. కానీ ఊళ్లోకి మందు తెచ్చి ప్రదర్శన పెట్టేవాళ్లు ఎన్ని చేలు చూపించారన్న దాని మీదే మన పెట్టుబడి ఆధారపడి ఉంది. అందుకే మేము నేర్చుకున్నది మీ ముందు పెడుతున్నాం.

మొదటి సంగతి: దుబ్బు వేరు, చేను వేరు

మందు ప్రదర్శనల్లో తరచూ వినపడే మాట ఉంది. "వంద దుబ్బులు లెక్కపెట్టాం, దోమ సగం తగ్గింది" అంటారు. వంద అనగానే మనకు నమ్మకం వచ్చేస్తుంది. ఆ వంద దుబ్బులూ ఎక్కడివి అని అడగాలి. ఒకే చేలోవైతే అవి వంద పరీక్షలు కావు. మందు కొట్టింది ఒక్క చేనుకు. ఆ చేను మట్టి, నీరు, ఊడ్పు తేదీ, విత్తనం, ఎరువు అన్నీ ఆ వంద దుబ్బులకూ ఉమ్మడివే. ఒకే ఇంట్లో వందసార్లు తలుపు తట్టి, ఊరంతా తిరిగి అడిగామని చెప్పినట్టు ఉంటుంది. వంద దుబ్బులు చూస్తే ఆ చేను గురించి బాగా తెలుస్తుంది. ఆ మందు గురించి ఒక్క చేనంతే తెలుస్తుంది.

మెట్టలోనూ ఇంతే. పెదవేగి, కామవరపుకోట వైపు కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల్లో సర్పిలాకార తెల్లదోమ సంగతి మీకు తెలుసు. మన దేశంలో 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతంలో మొదట కనపడి, తర్వాత మన తోటల దాకా వచ్చింది. ఒక తోటలో వంద చెట్లకు ఒకే మందు కొట్టి, తెల్లదోమ తగ్గిందంటే అది ఒక్క తోట మాటే. పక్క తోటకు కొట్టకుండా వదిలి పోల్చినా రెండు తోటలే అవుతాయి. వానకో, ఎన్‌కార్సియా లాంటి మిత్ర పురుగులకో ఆ తోటలో దోమ తనంతట తానే తగ్గి ఉండొచ్చు. ఒక్క తోటతో అది బయటపడదు.

కాబట్టి లెక్క దేనికి కట్టాలంటే, మందు విడివిడిగా పడిన చోటుకు కట్టాలి. ఒక చేనుకు పడితే చేను ఒకటి. ఒక మడికి పడితే మడి ఒకటి. దుబ్బులూ ఆకులూ దాని లోపలి కొలతలు.

రెండో సంగతి: దోమ ఎక్కడపడితే అక్కడ సమానంగా ఉండదు

గోధుమరంగు దోమ చేనంతా పరచుకుని ఉండదు. ఒకచోట కుప్పగా ఉంటుంది, పది అడుగుల అవతల అసలుండదు. సుడులుగా ఎండేది అందుకే. గట్టు మీద నిలబడి చూస్తే పైరు పచ్చగానే ఉంటుంది, మధ్యలోకి దిగితే మొదళ్లలో దోమ కనపడుతుంది. అందుకని గట్టు పక్క నాలుగు దుబ్బులు చూసి ఒడ్డెక్కితే మోసపోతాం.

వరి దోమకు మనకు చెప్పే హద్దు మీకు తెలిసిందే. పిలకల దశలో దుబ్బుకు 10 నుంచి 15, ఈనిక దశలో 20 నుంచి 25 దోమలు దాటితే మందు ఆలోచించాలి. ఒక చేలో 20 దుబ్బులు చూశాం, సగటు 10 వచ్చింది అనుకుందాం. దుబ్బుకీ దుబ్బుకీ హెచ్చుతగ్గు కూడా 10 దాకా ఉందనుకుందాం. దోమ విషయంలో ఇది వింత కాదు, కొన్నింట్లో సున్నా, కొన్నింట్లో ముప్పై ఉంటాయి. అప్పుడు చేనులోని అసలు సగటు 6 నుంచి 14 మధ్యలో ఎక్కడైనా ఉండొచ్చు. ఆరైతే మందు అక్కర్లేదు. పద్నాలుగైతే రేపే కొట్టాలి. ఆ 20 దుబ్బులు ఈ రెంటినీ విడదీయలేవు. అదే 80 దుబ్బులు చూస్తే సగటు 8 నుంచి 12 మధ్యకు వస్తుంది. శ్రమ నాలుగింతలు పెడితే అనుమానం సగానికి తగ్గుతుంది. ఇంకా సగం తగ్గాలంటే మళ్లీ నాలుగింతలు, అంటే 320 దుబ్బులు. లెక్క ఇలా నడుస్తుంది కాబట్టే ఊరికే ఎక్కువ చూడమని చెప్పడం కుదరదు. ఎంత ఖచ్చితం కావాలో ముందు అనుకోవాలి.

రైతుకు రోజూ 80 దుబ్బులు చూసే తీరిక ఉండదు. దానికి సులువైన దారి ఉంది. ముందు 20 దుబ్బులు చూడండి, గట్టు పక్కన కాకుండా చేనుకు అడ్డంగా వంకరటింకరగా నడుస్తూ. సగటు రెండో మూడో వస్తే ఒడ్డెక్కేయండి, మందు మాట వద్దు. సగటు ముప్పై నలభై వస్తే కూడా ఇంకా లెక్కపెట్టక్కర్లేదు, సంగతి తేలిపోయింది. హద్దుకు దగ్గరగా వచ్చినప్పుడే ఇంకో 20 చూడండి, అప్పటికీ తేలకపోతే మరో 20. దుబ్బును వంచి మొదట్లో తట్టాలి, నీళ్ల మీద పడిన దోమల్ని లెక్కపెట్టాలి. సాలీళ్లు, మిరిడ్ నల్లులు ఉంటే అవీ రాసుకోవాలి. అవి మన తరఫున పనిచేసేవి.

ఇంకో చిన్న సూత్రం కూడా గుర్తుంచుకోండి. మీరు చూసిన దుబ్బుల్లో పురుగు ఒక్కటీ కనపడకపోతే, అసలు లేదని అర్థం కాదు. మూడును మీరు చూసిన దుబ్బుల సంఖ్యతో భాగించండి. 20 దుబ్బుల్లో లేకపోతే, నూటికి 15 దుబ్బుల్లో దాకా ఉండే వీలుంది. వందలో లేకపోతే, నూటికి 3 దాకా. కాండం తొలుచు పురుగు గుడ్ల సముదాయాల్లాంటి అరుదుగా కనపడే వాటికి ఇది బాగా పనికొస్తుంది.

మూడో సంగతి: ఎన్ని చేలు?

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. మందు కొట్టిన చేలు ఎన్ని, కొట్టని చేలు ఎన్ని ఉంటే నమ్మొచ్చు? దీనికి ఒక్క అంకె లేదు. నాలుగు విషయాలు చెప్పగలిగితే అంకె దానంతట అదే వస్తుంది.

ఒకటి, చేనుకీ చేనుకీ మామూలుగా ఉండే హెచ్చుతగ్గు ఎంత. చదువుకున్న పిల్లలు దీన్ని ప్రామాణిక విచలనం అంటారు. రెండు, ఎంత తేడా వస్తే మనకు లాభం. దుబ్బుకు ఒక దోమ తగ్గితే మందు ఖర్చు కూడా రాదు, ఐదు తగ్గితే ఆలోచించొచ్చు. ఈ అంకె చెప్పాల్సింది శాస్త్రవేత్త కాదు, రైతు. మూడు, తేడా లేకపోయినా ఉందని పొరబడే అవకాశం ఎంతవరకు ఒప్పుకుంటాం. మామూలుగా ఇరవైలో ఒకటి అంటారు. నాలుగు, తేడా నిజంగా ఉంటే దాన్ని పట్టుకునే అవకాశం ఎంత కావాలి. కనీసం పదింట ఎనిమిది అంటారు.

ఈ చివరి రెండూ అలా ఒప్పుకుంటే లెక్క తేలిక. హెచ్చుతగ్గును తేడాతో భాగించండి. వచ్చినదాన్ని దానితోనే హెచ్చవేయండి. దాన్ని 16తో హెచ్చవేయండి. ఒక్కో పక్షానికి సుమారుగా అన్ని చేలు కావాలి.

ఉదాహరణకు చేనుకీ చేనుకీ హెచ్చుతగ్గు దుబ్బుకు 5 దోమలు, మనం పట్టుకోవాలనుకునే తేడా కూడా 5. ఐదును ఐదుతో భాగిస్తే ఒకటి. కాబట్టి కొట్టిన చేలు 16, కొట్టనివి 16, మొత్తం 32. హెచ్చుతగ్గు 10 అయితే ఒక్కో పక్షానికి 64. తేడా పెద్దది, 10 అయితే, హెచ్చుతగ్గు 5 దగ్గరే ఉంటే నాలుగు నాలుగు చాలు. ఇంత తక్కువ వచ్చినప్పుడు ఒకటి రెండు కలుపుకోవాలి. మేము పెట్టింది ఒక్కో పక్షానికి ఒకటి. మా సంగతి మీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది.

హెచ్చుతగ్గు ముందే ఎలా తెలుస్తుంది అని అడుగుతారు. ముందు చిన్నగా కొలిచి చూడాలి. 1930ల్లో బెంగాల్ జనుము విస్తీర్ణం లెక్కగట్టడానికి మహలనోబిస్ గారు చేసింది ఇదే. ముందు కొద్ది చోట్ల సర్వే చేసి, అందులో వచ్చిన హెచ్చుతగ్గునూ ఖర్చునూ చూసుకుని, పెద్ద సర్వేకు ఎన్ని నమూనాలు కావాలో నిర్ణయించారు. ఆయన 1931లో పెట్టిన కలకత్తా సంస్థలోనే మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన సి.ఆర్. రావు గారు పనిచేసి ప్రపంచానికి పాఠాలు చెప్పారు. ఈ విద్య మనకు పరాయిది కాదు.

నాలుగో సంగతి: తక్కువ చేలతోనే పని జరిగే దారి

32 చేలు అంటే సంఘానికి కూడా బరువే. అయితే ఒక ఉపాయం ఉంది. ప్రతి రైతూ తన చేనునే రెండు ముక్కలు చేస్తాడు. ఒక ముక్కకు కొడతాడు, ఒక ముక్క వదిలేస్తాడు. మట్టి ఒకటే, విత్తనం ఒకటే, ఎరువు ఒకటే, ఊడ్పు ఒకే రోజు. ఇప్పుడు చేనుకీ చేనుకీ ఉన్న తేడా లెక్కలోంచి పోతుంది, ఒకే చేలోని రెండు ముక్కల మధ్య తేడా ఒక్కటే మిగులుతుంది. అప్పుడు 16 బదులు 8తో హెచ్చవేస్తే సరిపోతుంది. ఆ ముక్కల తేడా చేనుకీ చేనుకీ 5 దోమల మేర అటూ ఇటూ ఊగుతుంటే, 5 దోమల తగ్గుదలను పట్టుకోవడానికి ఎనిమిది మంది రైతులు, చిన్న సంఖ్య కాబట్టి ఇద్దర్ని కలిపి పదిమంది చాలు.

ఏ ముక్కకు కొట్టాలో రైతు ఇష్టానికి వదలకూడదు, మా ఇష్టానికీ వదలకూడదు. చీటీ వేయాలి. ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో 1919లో చేరిన ఫిషర్ అనే ఆయన పొలం పరీక్షలకు నేర్పిన పాఠం ఇదే. ఒకే పరీక్షను పలుచోట్ల చేయాలి, చీటీ వేసి పంచాలి, ఒకేలాంటి నేలను ఒక జట్టుగా పెట్టి పోల్చాలి. దోమ ఎగిరే పురుగు కాబట్టి రెండు ముక్కల మధ్య కొంత జాగా వదలాలి, లెక్కపెట్టేది ముక్క నడుమ మాత్రమే. లెక్కపెట్టే మనిషికి ఏ ముక్కకు కొట్టారో తెలియకుండా ఉంటే ఇంకా మంచిది. మన కళ్లు కూడా మనం కోరుకున్నదే చూస్తాయి.

ఐదో సంగతి: "తేడా కనపడలేదు" అంటే "హాని లేదు" అని కాదు

ఇది మా ప్రాంతానికి మరీ ముఖ్యం. తక్కువ చేలతో పరీక్ష చేస్తే రెండు రకాలుగా మోసపోతాం. లేని మేలు ఉందనుకోవడం ఒకటి, అది మాకు జరిగింది. ఉన్న హాని కనపడకపోవడం రెండోది. రెండోదానికి ఎవరూ బాధ్యత తీసుకోరు.

మన వరి చేల మురుగు బోదెల్లో, డ్రెయిన్లలో పడి చివరికి కొల్లేరు చేరుతుంది. దారిలో చేపల చెరువులున్నాయి. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు చేపలకూ రొయ్యలకూ చాలా విషం. పైగా వరిలో కొడితే సాలీళ్లూ మిరిడ్ నల్లులూ చచ్చి దోమ మళ్లీ విజృంభిస్తుంది. రెండు చెరువుల పక్కన కొట్టి చూశాం, చేపలు చావలేదు, భయం లేదు అని ఎవరైనా అంటే, ఇందాకటి సూత్రం గుర్తు చేసుకోండి. మూడును రెండుతో భాగిస్తే ఒకటిన్నర, నూటికి నూరు దాటిపోయింది. అంటే ఆ రెండు చెరువులు ఏమీ చెప్పలేదన్నమాట. ముప్పై చెరువులు చూసి ఒక్కదాంట్లోనూ చావకపోతే కూడా, పదింట ఒక చెరువుకు నష్టం జరిగే వీలు ఇంకా ఉంది.

ఆయిల్‌పామ్ రైతులకు కూడా ఒక మాట. మన గెలలు కట్టేది పరాగసంపర్కం చేసే చిన్న ముక్కు పురుగు వల్ల. దాన్ని 1985లో కేరళకు తెచ్చి వదిలారు. ఒక మందు ఆ పురుగుకు హాని చేయదని చెప్పేవాళ్లను, ఎన్ని తోటల్లో చూశారు, ఎంత తగ్గుదల ఉంటే మీ పరీక్షకు కనపడేది అని అడగండి. ఆ రెండో ప్రశ్నకు జవాబు లేకపోతే ఆ పరీక్షకు విలువ లేదు.

ఇదే లెక్క పంటల బీమాలో కూడా ఉంది. ఫసల్ బీమా నిబంధనల ప్రకారం గ్రామం యూనిట్‌గా ఉన్న ప్రధాన పంటకు కనీసం 4 కోత ప్రయోగాలు చేయాలి. ఊరంతటి దిగుబడినీ నాలుగు చోట్ల కోసి తేలుస్తారు. ఆ నాలుగూ చీటీ ప్రకారం పడ్డాయా, ఎవరికి వీలైన చోట పడ్డాయా అన్నది మనం దగ్గరుండి చూసుకోవాలి. చెడిన చేలు ఒక పక్కనే ఉండి, కోతలు మరో పక్క పడితే ఊరికి పరిహారం రాదు.

ఈ సార్వాకు మేము చేయబోయేది

వేపనూనె పనికిరాదని మేము ఇప్పుడు చెప్పడం లేదు. అలా చెప్పడానికి కూడా మా దగ్గర చేలు లేవు. పల్చగా ఉన్నప్పుడు పనిచేస్తుందేమో, ఉధృతి పెరిగాక చేయదేమో. అది తేల్చడానికే ఈ సార్వాలో మళ్లీ మొదలుపెడుతున్నాం, ఈసారి సక్రమంగా. కాలిబాటలు అందరి చేలల్లోనూ ఉంటాయి, యూరియా అందరిదీ ఒకే మోతాదు. లెక్క ప్రకారం పదిమంది చాలు. కానీ మధ్యలో ఒకరిద్దరు మానేస్తారు, ఒకరి చేను ముంపులో పోతుంది, కాబట్టి పద్నాలుగు మందిని తీసుకుంటున్నాం. ఎంత తేడా వస్తే సిఫార్సు చేస్తామో, ఏ రోజున లెక్కపెడతామో ముందే కాగితం మీద రాసి ఈ పత్రికలో వేస్తాం. ఫలితం చూశాక మాట మార్చే వీలు మాకు ఉండకూడదు. ఫలితం ఏదైనా, బాగా రాకపోయినా, ఇక్కడే వేస్తాం.

ఒక షరతు ఉంది. ఏ ముక్కలోనైనా దోమ హద్దు దాటితే రైతు వెంటనే తనకు తోచిన మందు కొట్టుకోవచ్చు. పరీక్ష కోసం ఎవరి పంటా పోకూడదు. ఎంతమంది మధ్యలో కొట్టాల్సి వచ్చిందన్నది కూడా ఫలితమే, దాన్నీ రాస్తాం. వదిలేసే ముక్క పది సెంట్లకు మించదు. కౌలు రైతు చేరితే ఆ ముక్కలో నష్టాన్ని సంఘం నిధి భరిస్తుంది. కిందటిసారి మా తొందరపాటు ఖరీదు వాళ్లు కట్టారు. ఈసారి అలా జరగనివ్వం.

మన చుట్టూ మార్టేరులో వరి పరిశోధన స్థానం ఉంది, తాడేపల్లిగూడెం పక్కన వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, పెదవేగిలో ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉంది. మన పద్ధతి ముందే వాళ్లకు చూపించి, తప్పులుంటే దిద్దించుకుందాం. వాళ్ల పరీక్షలకు కూడా మన చేలు ఇద్దాం. ఇన్ని ఊళ్ల రైతులు ఒక్క మాట మీద నిలబడితే, ఏ కంపెనీ దగ్గరా లేనన్ని చేలు మన సంఘం దగ్గర ఉంటాయి.

అప్పటిదాకా మీ ఊళ్లోకి కొత్త మందు ప్రదర్శన వస్తే ఈ ఐదు ప్రశ్నలు అడగండి. కొట్టిన చేలు ఎన్ని? కొట్టకుండా వదిలినవి ఎన్ని? ఏది కొట్టాలో చీటీ వేశారా? ఒక్కో చేలో ఎన్ని దుబ్బులు, ఎక్కడ చూశారు? ఎన్ని చేలు పెట్టాలో ముందే అనుకున్నారా, లేక బాగా వచ్చిన చేను ఒక్కటే చూపిస్తున్నారా?

మేము వచ్చి చెప్పినా ఇవే అడగండి. అడగలేదనే కదా కిందటేడు నష్టపోయాం.

పద్నాలుగు మంది కావాలి. పేర్లు ఇచ్చేవాళ్లు ఊడ్పులకు ముందే మీ గ్రామ కమిటీకి చెప్పండి.

సెలవు.